43 ఏళ్లకు డోనర్ ఎగ్‌తో మొదటి బిడ్డ: ముందుకెళ్లాలా, ఇక్కడితో ఆపాలా?

పల్నాటి టీచరమ్మ:

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ అందరివీ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నాకు 42 నిండి నాలుగు నెలలు. మావారికి 53. నాన్న పోయాక తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి అయ్యేసరికి నాకు పెళ్లి 37లో అయింది. ఎవరినీ అనడానికి లేదు, అలా అనుకున్నది నేనే. హైస్కూల్లో లెక్కలు చెబుతాను.

ఇప్పటికి రెండు ఐవీఎఫ్‌లు అయ్యాయి, రెండూ నా ఎగ్స్‌తోనే. మొదటిసారి మూడు ఎగ్స్ వచ్చాయి, ఒక్క ఎంబ్రియో (పిండం) అయింది, అది ట్రాన్స్‌ఫర్ చేస్తే, అంటే గర్భసంచిలో పెడితే, బీటా (గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష) నెగెటివ్. రెండోసారి పన్నెండు రోజులు ఇంజెక్షన్లు పొడిపించుకుంటే వచ్చినవి రెండే. మూడో రోజుకు ఎదగడం ఆగిపోయిందని ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను పదో తరగతి స్పెషల్ క్లాసులో ఉన్నాను. బోర్డు మీద లెక్క సగంలో ఉంది. "సరే మేడమ్" అని ఫోన్ పెట్టేసి మిగతా సగం చేశాను. జవాబు తప్పొచ్చింది. వెనక బెంచీ పిల్లాడు లేచి సరిచేశాడు.

ఎగ్స్ ఇంకా ఎన్ని మిగిలాయో అంచనా చెప్పే ఏఎంహెచ్ పరీక్షలో 0.4 వచ్చింది, చాలా తక్కువ. డాక్టరమ్మ ఈసారి కుండబద్దలు కొట్టేశారు. నా ఎగ్స్‌తో మళ్లీ వెళ్తే మళ్లీ ఇదే కావచ్చు, డోనర్ ఎగ్‌కి, అంటే వేరే ఆవిడ ఇచ్చిన ఎగ్‌కి, వెళ్తే అవకాశం చాలా మెరుగు అని. మావారు "నీ ఇష్టం" అంటున్నారు. ఆ మాట వింటేనే ఒళ్లు మండుతోంది.

అమ్మకు డోనర్ సంగతి చెప్పలేదు. ఆవిడ మాత్రం 2019లో గుంటూరులో 74 ఏళ్లావిడ కవలల్ని కన్నదని పేపర్లో చదివింది చూడండి, అది పట్టుకుంది. "ఆవిడకే పుట్టారు, నీకేం వయసైపోయిందే" అంటుంది.

అడగాలనుకున్నవి ఇవీ. డోనర్ ఎగ్‌తో పుట్టిన బిడ్డను చూస్తే "నా బిడ్డ" అనిపిస్తుందా? పైపై మాటలొద్దు, కన్నవాళ్లు చెప్పండి. మా చెల్లికి 34, ఇద్దరు పిల్లలు, తను ఇస్తానంటోంది, అలా కుదురుతుందా? ఈ వయసులో మోయడం, కనడం ఒళ్లు తట్టుకుంటుందా? ఇంకోటి కూడా ఉంది కానీ అడగడానికి సిగ్గుగా ఉంది. ఎవరికి చెప్పారు, ఎవరికి దాచారు?

శ్రావణమేఘం:

అక్కా, టెన్షన్ పడకండి, టెన్షన్ వల్లే నిలవదు. మా ఆడపడుచుకు 41లో ఏ మందూ లేకుండా వచ్చింది. రోజూ పొద్దున్నే నల్లనువ్వులు, బెల్లం దంచి ఉండ చేసుకుని తినండి. డోనర్ గీనర్ ఎందుకు, దేవుడున్నాడు.

ఖాతాపుస్తకం (ఒంగోలు):

నువ్వులుండ నేనూ తిన్నానమ్మా, రెండేళ్లు. రుచి బాగానే ఉంటుంది. కానీ "టెన్షన్ వల్లే" అనే మాట మాత్రం దయచేసి ఎవరితోనూ అనొద్దు. ఎగ్స్ అయిపోయిన మనిషితో ఆ మాటంటే, తప్పు కూడా ఆవిడదే అని చెప్పినట్టు.

టీచరు గారూ, నాకు 47. పాపకు వచ్చే నెల మూడేళ్లు నిండుతాయి. డోనర్ ఎగ్ పాపే. ఈ సంగతి తెలిసింది మా ఇద్దరికీ, మా అక్కకీ, డాక్టర్లకీ. ఇప్పుడు మీకు.

నేను ట్రెజరీలో పనిచేస్తాను, దేనికైనా లెక్క రాయడం అలవాటు. దీనికీ ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. మందులు, స్కాన్లు, గుంటూరుకి బస్సు చార్జీలు, చిలకలూరిపేట బస్టాండులో తాగిన టీతో సహా. మొత్తం 11,40,000 తేలింది. అందులో ఏడున్నర లక్షలు నా సొంత ఎగ్స్‌తో చేసిన మూడు ప్రయత్నాలవి. డబ్బు సరే, పీఎఫ్ లోన్ కడుతున్నాను, తీరుతుంది. 39లో మొదలుపెట్టి 43 దాకా ఆ మూడింటికే పోయింది, ఆ పేజీలు చూస్తే కడుపు రగులుతుంది.

మూడోదానికి ముందు ఆ సెంటర్లో "ఇంకొక్కసారి చూద్దాం మేడమ్, ఈసారి మందులు మారుద్దాం" అన్నారు. సక్సెస్ ఎంత అని అడిగితే ఒక పెద్ద నంబరు చెప్పారు. అది ఏ వయసువాళ్లది, ఎవరి ఎగ్స్‌తో, పాజిటివ్ వచ్చినవాళ్లదా, బిడ్డను ఇంటికి తీసుకెళ్లినవాళ్లదా అని నేను అడగలేదు. బిల్లు పాసవడం వేరు, డబ్బు అకౌంట్లో పడటం వేరు అని రోజూ జనానికి చెప్పేదాన్ని నేనే. నా దాకా వచ్చేసరికి ఆ తేడా మర్చిపోయాను. మీ డాక్టరమ్మ రెండింటికే నిజం చెప్పేశారంటే మంచి మనిషి. ఆవిణ్ణి వదలకండి.

ఇక మీ మొదటి ప్రశ్న.

మా అమ్మ వేళ్లు పొడుగ్గా ఉండేవి. పోయి ఆరేళ్లయింది. చిన్నప్పుడు జడ వేస్తూ నా మెడ మీద ఆ వేళ్లు చల్లగా తగిలేవి. నాకు ఆ వేళ్లు రాలేదు, నావి నాన్నవి, పొట్టివి. నాకు పుట్టేదానికైనా వస్తాయని ఎక్కడో అనుకుంటూ ఉండేదాన్ని. డాక్టరు "డోనర్" అనగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆ వేళ్లే, ఇక రావు అని. పది నెలలు ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. ఒక మనిషి పోతే చేసే ఏడుపే అది. కర్మకాండ లేదు కాబట్టి బయటికి తెలియదు, అంతే. మీరూ ముందు ఆ ఏడుపు ఏడ్చేయండి. వచ్చే నెలే ట్రాన్స్‌ఫర్ అని ఎవరైనా డేటు ఇచ్చినా తొందరపడకండి.

పాప పుట్టాక బారసాలకి మా పెద్దమ్మ వచ్చింది. పాప పిడికిలి విప్పి చూసి "అచ్చు మా చెల్లెలి వేళ్లే" అని అందరికీ చూపించింది. నేను వంటింట్లోకి వచ్చి పులిహోర గంగాళం పక్కన నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, వంటావిడ "పోపు మాడుతుంది, కాస్త జరగండమ్మా" అంటే జరిగాను. పోలికలు వెతకడం మనవాళ్లకి ఒక ఆట. ఎవరికి కావలసింది వాళ్లు చూసుకుంటారు. పాప మా ఆయనలా నుదురు చిట్లిస్తుంది, అది నిజం పోలిక. నాలా "అబ్బా, ఉండు" అంటుంది, అది రోజూ విని నేర్చుకుంది. నా బిడ్డా కాదా అనే ప్రశ్న నాకు ఐదో నెల దాకా ఉంది. ఆ తర్వాత ఎప్పుడు పోయిందో చెప్పలేను. ఎసిడిటీతో, కాళ్ల వాపుతో, ఇన్సులిన్‌తో సరిపోయింది, దాన్ని పట్టించుకునే తీరిక లేకపోయింది.

ఒళ్లు సంగతి దాచను. మొదలుపెట్టక ముందే గుండెకు ఎకో, బీపీ, షుగరు, థైరాయిడ్, మామోగ్రామ్ అన్నీ చేయించారు. ఈ వయసులో, పైగా డోనర్ ఎగ్ అయితే, బీపీ పెరిగే ప్రమాదం ఎక్కువని మూడో నెల నుంచి రాత్రిపూట చిన్న ఆస్పిరిన్ ఇచ్చారు. అయినా ఏడో నెలలో బీపీ వచ్చింది, అంతకు ముందే షుగరు వచ్చింది. 36 వారాలకు ఆపరేషన్ చేశారు. పాప 2.3 కిలోలు, నాలుగు రోజులు ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ). ఒకటే ఎంబ్రియో పెట్టమని నేను పట్టుబట్టాను. "రెండు పెడితే ఒకేసారి ఇద్దరు, పనైపోతుంది" అని చుట్టాలంటారు, కవలల్ని మోసేది వాళ్లు కాదుగా. మీ అమ్మగారికి చెప్పండి, గుంటూరు కేసు తర్వాతే చట్టం వచ్చింది, ఇప్పుడు ఆడవాళ్లకు 50 లోపే చేస్తారు.

సీమంతానికి గాజులు తొడిగేవాళ్లు నాకంటే చిన్నవాళ్లు. ఒకమ్మాయి "ఆంటీ, చెయ్యి ఇవ్వండి" అంది. అందరూ ఒక్క క్షణం ఆగి, తర్వాత ఒకటే నవ్వు. ఇప్పుడు పార్కులో వాచ్‌మన్ "మనవరాలా అమ్మా?" అంటాడు. మొదట్లో సరిచేసేదాన్ని. ఇప్పుడు "ఊ" అనేస్తాను. అంతలో అది "అమ్మా, ఉచ్చ" అని అరుస్తుంది. ఆయన మొహం తిప్పుకుంటాడు. దానికి పాలపళ్లన్నీ వచ్చేసరికి నాకు పీరియడ్స్ ఆగిపోయాయి. రాత్రి ఇద్దరం లేస్తాం, అది పాలకి, నేను చెమటలు పట్టి. 62కి నేను రిటైరయ్యేనాటికి దానికి 18. ఇంటర్ అయ్యి పెద్ద ఫీజులు మొదలయ్యే టైము. టర్మ్ పాలసీ కట్టాం, అక్కను గార్డియన్‌గా రాశాం. ఇవి కూడా మీ నోట్‌బుక్కులో మొదటి పేజీలోనే రాసుకోండి.

దాచడం గురించి సిగ్గుపడుతూ అడిగారు, నిజానికి బరువంతా అక్కడే ఉంది. పాపకు దగ్గు పట్టి తీసుకెళ్తే పిల్లల డాక్టరు "మీ వైపు ఎవరికైనా ఆస్తమా ఉందా?" అన్నారు. "మా నాన్నకు ఉంది సార్" అన్నాను, అలవాటుగా. ఆయన రాసుకున్నారు. బయటికొచ్చి ఆటో ఎక్కాక తట్టింది. మర్నాడు ఒక్కదాన్నే వెళ్లి చెప్పాను. ఆయన ఆ లైను కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో ఏదో రాసి, "మంచిపని చేశారు" అన్నారు, అంతే. చుట్టాలకి చెప్పక్కర్లేదు. బిడ్డ వైద్యం చూసే మనిషికి మాత్రం చెప్పండి. పాపకు చెప్పాలని నేనంటాను, మా ఆయన వద్దంటారు. ఇంకా తేలలేదు.

ల్యాబ్‌కోటు:

హైదరాబాదులో ఎంబ్రియాలజిస్టుగా, అంటే ఐవీఎఫ్ ల్యాబులో ఎంబ్రియోలు చూసుకునే పనిలో, ఉన్నాను. ఖాతాపుస్తకం గారు రాశాక నేను చెప్పేది తక్కువే, కానీ కొన్ని ఖచ్చితంగా చెప్పాలి.

మీ చెల్లెలి ఎగ్స్ కుదరదు మేడమ్. ఐవీఎఫ్ లాంటి చికిత్సలకు పెట్టిన 2021 చట్టం ప్రకారం డోనర్ రిజిస్టరయిన ఎగ్ బ్యాంకు ద్వారానే రావాలి, ఎవరో మీకు తెలియకూడదు. డోనర్‌కు 23 నుంచి 35 మధ్య వయసుండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు ఎగ్స్‌కు మించి తీయకూడదు. ఆవిడకు ఏడాది ఇన్సూరెన్సు మీరే కట్టాలి. ఒక డోనర్ ఎగ్స్ ఒక్క జంటకే ఇస్తారు కాబట్టి ఆ ఏడూ మీవే. కానీ ఏడు ఎగ్స్ అంటే ఏడు ఎంబ్రియోలు అనుకోకండి. పక్వానికి రానివి కొన్ని, ఫలదీకరణ కానివి కొన్ని, ఐదో రోజుకు చేరకుండా ఆగేవి కొన్ని. చివరికి రెండో మూడో చేతికొస్తే మా ల్యాబులో సంతోషమే.

తొందర ఎక్కడుందంటే మీ వయసులో కాదు, మీవారి వయసులో. మగవాళ్లకు పరిమితి 55. ఆయనకిప్పుడు 53. పైగా మీరు అంత వివరంగా రాసి ఆయన రిపోర్టుల గురించి ఒక్క ముక్క రాయలేదు. రెండుసార్లూ ఫలించనప్పుడు వయసు రీత్యా ఎగ్ వైపే చూస్తాం, అది నిజమే. కానీ డోనర్‌కి వెళ్లే ముందు ఆయన పరీక్షలు కొత్తగా చేయించండి.

"కడుపులో మోస్తే మీ జీన్స్ బిడ్డలోకి వస్తాయి" అని కొన్నిచోట్ల చెప్పి ఒప్పిస్తుంటారు. డీఎన్ఏ మారదు. గర్భంలో పరిస్థితులు ఆ జీన్స్ పనిచేసే తీరు మీద ప్రభావం చూపుతాయి, అంతవరకే. చట్టం దృష్టిలో మాత్రం బిడ్డ పూర్తిగా మీదే, డోనర్‌కు ఏ హక్కూ ఉండదు.

సెంటరు రిజిస్ట్రేషన్, బ్యాంకు రిజిస్ట్రేషన్ రెండూ అడిగి చూడండి. 2025 జూలైలో సికింద్రాబాదులో సరోగసీ కేసు బయటికొచ్చింది కదా, డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే బిడ్డ తమది కాదని తేలి ఆ దంపతులు పోలీసుల దగ్గరికి వెళ్లారు. అడిగితే విసుక్కునే చోట నుంచి లేచి వచ్చేయండి.

ఆపేసినామె:

మాది కరీంనగర్. నాలుగుసార్లు అయ్యాక, 45లో ఆపేశాను. డోనర్ దాకా పోలేదు. నా మనసు ఒప్పలేదు, అంతే, దానికి కారణం ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేదు. ఇక్కడ అందరూ గెలిచినోళ్ల ముచ్చట్లే రాస్తారు కాబట్టి నేనూ ఒకటి రాద్దామని.

దత్తతకు పేరు రాయించుకున్నాం. మీకు ఆ ఆలోచన ఉంటే ఒకటి తెలుసుకోండి. భార్యాభర్తల వయసులు కలిపి లెక్క చూస్తారు. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే మొత్తం 85 దాటకూడదు, నాలుగేళ్ల లోపుకు 90. మీ ఇద్దరిదీ 95, అంటే నాలుగు దాటిన పిల్లలే. మాకూ అంతే. వాడు వచ్చేటప్పటికి అప్పుడే బడికి పోతుంటాడు. మేం సైకిల్ కొనేశాం, వాడింకా రాలేదు. వరండాలో ఉంది.

ఆపేసినంక మొదటి బోనాలకు ఇంట్లో వాళ్లు నన్ను బోనం ఎత్తమన్నారు. అంతకుముందు ఐదేళ్లు "ఇంజెక్షన్లు నడుస్తున్నయ్, బరువు ఎత్తొద్దు" అని పక్కన కూర్చోబెట్టేవారు. నెత్తి మీద బోనం పెట్టుకుని నడుస్తుంటే నడుము నొప్పి పుట్టింది, మస్తు హాయిగా అనిపించింది.

పల్నాటి టీచరమ్మ:

మీ అందరివీ మూడుసార్లు చదివాను. వయసులు కలిపి చూస్తారని నాకు తెలియదు. సైకిల్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను అక్కా.

ల్యాబ్‌కోటు గారు రాసింది మావారికి ఫోన్లో చూపించాను. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు. "నాకు పరీక్షలంటే భయమే" అన్నారు. "వాడికి పదేళ్లొచ్చేసరికి నాకు 64, స్కూల్ ఫంక్షన్‌కి చేతికర్రతో వస్తానేమో" అని కూడా అన్నారు. ఐదేళ్లలో ఈ విషయం మీద ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం ఇదే. "నీ ఇష్టం" వెనక ఇది ఉందన్నమాట. సోమవారం ఆయన పరీక్షలకి వెళ్తున్నాం. డోనర్ సంగతి ఇంకా తేల్చుకోలేదు. ముందు ఏడవాలి అన్నారు కదా ఖాతాపుస్తకం గారూ, అది మొదలైంది. మా నాన్న గిరజాల జుట్టు.

ఒకవేళ వెళ్తే, డోనర్ అయినా ఇంజెక్షన్లు తప్పవా? మా ఊళ్లో రోజూ వేసే నర్సు దొరకదు.

ఖాతాపుస్తకం (ఒంగోలు):

గిరజాల జుట్టా. సరే, కానివ్వండి, తొందరేం లేదు.

ఎగ్స్ పెంచే ఇంజెక్షన్లు మీకు ఉండవు, అవి డోనర్‌కి. మీకు లైనింగ్ (గర్భసంచి లోపలి పొర) పెరగడానికి మాత్రలు ఇస్తారు, స్కాన్‌లో ఓ 8 మిల్లీమీటర్లు దాటి బాగుందనుకుంటే డేటు చెబుతారు. ఆ తర్వాత గర్భం నిలబెట్టే హార్మోను, ప్రొజెస్టిరాన్, మొదలవుతుంది. కొందరికి లోపల పెట్టుకునే జెల్లో మాత్రలో ఇస్తారు, నాకు మాత్రం నూనె ఇంజెక్షన్ రాశారు, నడుము కింద కండకి, రోజూ, మూడో నెల చివరిదాకా. మొదటి వారం వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లాను. ఆయన ఊరెళ్లిన రోజు మా ఆయన నేర్చుకున్నారు, నర్సు దిండు మీద వేసి చూపించింది.

చిక్కటి నూనె అది, చల్లగా ఉంటే సూదిలోంచి దిగదు. సీసాని ఐదు నిమిషాలు చంకలో పెట్టుకోండి. నిలబడి వేయించుకుంటే సూది పడే వైపు కాలి మీద బరువు ఆనించకండి, కండ బిగుస్తుంది. రోజుకో వైపు మార్చండి, తర్వాత ఆ చోట చేత్తో బాగా రుద్దండి. అయినా నాకు గడ్డలు కట్టాయి, ఆఫీసులో కుర్చీ అంచున కూర్చునేదాన్ని. టైము మాత్రం తప్పకూడదు. మాది రాత్రి ఏడు. మా ఆయన టీవీలో వార్తల మ్యూజిక్ వినపడగానే దూది తీసేవారు. ఇప్పటికీ ఆ మ్యూజిక్ వస్తే నా కుడి నడుము దానంతటదే బిగుసుకుంటుంది.